పిలిస్తే మారే గణాలు

తెనాలి నుంచి రేపల్లె పోయే రైలుకట్టకీ పంటకాలవకీ మధ్యన ఉండేది మా హైస్కూలు. పెంకుల కప్పు, పొడుగాటి వరండా, ఊచలే తప్ప తలుపుల్లేని కిటికీలు. సంక్రాంతి వెళ్లేసరికి కోతలైపోయి, వరి మోళ్ల మధ్య మినుము పచ్చగా కమ్ముకునేది. 1980ల మొదట్లో ఎనిమిదో తరగతి నుంచి పదో తరగతి దాకా నేను చదివింది అక్కడే. గురువు, లఘువు, యతి, ప్రాస, ఉపమేయం, ఉపమానం, శ్లేష, స్వభావోక్తి అనే మాటలన్నీ నా చెవిన పడింది ఆ గదుల్లోనే. సాహిత్యం చదివేవాళ్ల మెడకి ఈ పరిభాష అంతా ఒక గుదిబండ అని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ మనసు ఒప్పుకోదు. మాకు అది గుదిబండ కాలేదు. మా తెలుగు మేష్టారు కానివ్వలేదు.

వ్యాకరణం గంటలో ఆయన మమ్మల్ని పుస్తకం తెరవనిచ్చేవారు కాదు. “ముందు వినండ్రా. పేరు తర్వాత చెబుతాను” అనేవారు. ఎనిమిదో తరగతిలో ఛందస్సు మొదలుపెట్టిన రోజున ఆయన బల్ల మీద ఉన్నది హాజరు పట్టీ ఒక్కటే.

హాజరు తీసుకుంటూ మధ్యలో ఆగి, “రమణ. ఎన్ని అక్షరాలు?” అని అడిగారు. మూడు అన్నాం. మూడింటికీ మూడు చిటికెలు వేయించారు. ఒక్కో చిటికె ఒక్కో లఘువు. నల్లబల్ల మీద మూడు నిలువు గీతలు గీశారు. తర్వాత శారద. “శా” అనేటప్పుడు గొంతు కాస్త ఎక్కువసేపు నిలబడుతుంది కదా, దానికి రెండు చిటికెల కాలం. అది గురువు. గురువు కింద గిన్నెలాంటి గుర్తు, లఘువు కింద గీత. యశోద అనే పేరులో గురువు నడిమధ్యకి వచ్చింది. నాగయ్య దగ్గర అందరం తడబడ్డాం. “గ” పొట్టి అక్షరమే కదండీ అన్నాం. “దాని వెనకాల ఏముందో చూడు” అన్నారాయన. య కింద య వత్తు. ఆ ద్విత్వాన్ని పలకడానికి నాలుక ముందే ఊనుకుంటుంది. ఆ ఊనికంతా “గ” మీద పడి, అది గురువైపోతుంది. ఆ పేరుని ఎవరి మటుకు వాళ్లం నెమ్మదిగా పలికి చూసుకున్నాం. నిజమే, “గ” దగ్గర గొంతు ఆగుతోంది. పుట్టినప్పటి నుంచీ పలుకుతున్న పేరులో అలాంటి ఆగుడు ఒకటుందని అంతవరకూ మాలో ఎవరికీ తెలియదు.

నాలుగు పేర్లు నల్లబల్ల మీద వరసగా పడ్డాయి. రమణ న గణం, శారద భ గణం, యశోద జ గణం, నాగయ్య త గణం. అప్పుడాయన వరండాలోకి వెళ్లి, అక్కణ్ణుంచి కేకేశారు: “రమణా!” మళ్లీ లోపలికొచ్చి, “ఇప్పుడు చిటికెలు వెయ్యండి” అన్నారు. చివరి అక్షరం సాగింది కాబట్టి లఘువు కాస్తా గురువయింది. న గణం స గణమైంది. శారదా అని పిలిస్తే భ గణం ర గణం. యశోదా అంటే జ గణం య గణం. నాగయ్యా అంటే త గణం మ గణం. మూడక్షరాల గణాలు మొత్తం ఎనిమిది. ఎనిమిదీ వచ్చేశాయి, నాలుగు పేర్లతోనే. నాలుగు పట్టీలో ఉంటే, నాలుగు పిలుపులో ఉన్నాయి. ఆ మధ్యాహ్నం ఇంటికెళుతూ కాలవగట్టు పొడుగునా ఒకరినొకరం పిలుచుకుంటూనే ఉన్నాం.

యమాతారాజభానసలగం అనే సూత్రం మర్నాడు చెప్పారు. ఏ గణం కావాలంటే ఆ అక్షరం, దాని తర్వాతి రెండు అక్షరాలు తీసుకుంటే చాలు. య కావాలంటే యమాతా, లఘువు, గురువు, గురువు. భ కావాలంటే భానస, గురువు, లఘువు, లఘువు. వేళ్ల మీద లెక్క సరిచూసుకోవడానికి అది ఎంత పనికొస్తుందో అప్పటికి మాకు పూర్తిగా అర్థమైంది, ఎందుకంటే లెక్క పెట్టాల్సిన వస్తువు ముందురోజే మా నోట్లో ఆడింది. సూత్రాన్ని ముందు బట్టీ కొట్టించి ఉంటే అది మంత్రంలా నోటికి వచ్చేది, అంతే.

ఆ తర్వాత మాకు పిచ్చి పట్టుకుంది. రైల్లో తెనాలి వెళ్తుంటే స్టేషన్ల బోర్డులకు గణాలు కట్టేవాళ్లం. రేపల్లె త గణం. వేమూరు త గణం. గుంటూరు, బాపట్ల, పొన్నూరు, చీరాల, ఒంగోలు, నెల్లూరు, ఏది చూసినా త గణమే. మా తెనాలి ఒక్కటే జ గణం. ఈ సంగతి మేష్టారికి చెబితే ఆయన మొహం విప్పారింది. “అయితే కందపద్యంలో మీ తెనాలిని ఎక్కడ కూర్చోబెడతారో చెప్పండి” అన్నారు. కందంలో వచ్చేవన్నీ నాలుగు మాత్రల, అంటే నాలుగు చిటికెల, గణాలే: రెండు గురువుల గగ, భ, జ, స, నాలుగు లఘువుల నల. బేసి చోట్ల జ గణం రాకూడదు. ఆరో గణం మాత్రం జ అయినా కావాలి, నల అయినా కావాలి. అంటే తెనాలికి ఆరో చోటు సిద్ధంగా ఉంది. గుంటూరుకి ఐదు మాత్రలు కాబట్టి దాన్ని రెండు గణాల మధ్య విరిస్తే తప్ప కందంలో పట్టదు. ఊళ్ల పేర్లతో ఆయన ఇలా చెబుతుంటే, పద్యం రాసేవాడు లోపల ఏం చేస్తుంటాడో మొదటిసారి కళ్లకు కట్టింది. సుమతీ శతకం అంతా కందాల్లో ఉంటుందని చిన్నప్పుడే విన్నాం. ఆ కందం గది లోపల ఏ మూల ఏ గణానికి చోటుందో, ఏ మూల లేదో తెలిశాక ఆ శతకకారుడి మీద గౌరవం రెట్టింపయింది.

యతిని నేర్పింది మాత్రం బడి కాదు, శ్రీరామనవమి పందిరి. మా వైపు ఊళ్లలో నవమికి పౌరాణిక నాటకం ఉండాల్సిందే. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల్లోని సీన్లు ఎక్కువగా ఆడేవారు. హార్మోనియం శ్రుతి అందుకోగానే, అప్పటిదాకా గోనెపట్టాల మీద గుసగుసలాడుకుంటున్న జనం సర్దుకుని కూర్చునేవారు. పడక సీనులో కృష్ణుడు దుర్యోధనుణ్ణి “బావా” అని పలకరించి క్షేమసమాచారాలు అడిగే పద్యం వచ్చినప్పుడు, చదువు రాని పెద్దవాళ్లు కూడా పెదాలు కదిపేవారు. నటుడు పన్నెండు అక్షరాలు ఒక ఊపున తీసి, అక్కడ రవంత నిలిచి, పదమూడో అక్షరం మీద గొంతు పైకెత్తేవాడు. వన్స్‌మోర్ అరుపులు వచ్చేవి సరిగ్గా ఆ ఎత్తుగడకే.

నవమి సెలవు తర్వాత మేష్టారు ఆ పద్యాన్ని నల్లబల్ల మీద రాసి గురులఘువులు గుర్తించమన్నారు. మ, స, జ, స, త, త, గ. శార్దూలం. “యతి ఎక్కడుంది?” అని అడిగితే మావాడొకడు చూసి చెప్పలేదు, పాడి చెప్పాడు. రాగం తీస్తూ, పందిట్లో నటుడు ఆగినచోటే ఆగాడు. లెక్కపెట్టి చూస్తే అది పదమూడో అక్షరమే. మొదటి అక్షరం బా, పదమూడోది భ్రా. రెంటికీ మైత్రి కుదిరింది. ఉత్పలమాలకు పదో అక్షరం, చంపకమాలకు పదకొండో అక్షరం, మత్తేభానికి పద్నాలుగో అక్షరం అని ఆ గంటలోనే చెప్పేశారు. ఆ అంకెలు ఇంతకాలం గుర్తున్నాయంటే హార్మోనియం వల్లనే. ఆ నాటకాలు ఆడి, పందిట్లో అక్షరం రానివాళ్లకి కూడా శార్దూల మత్తేభాలను చెవికి అలవాటు చేసిన రంగస్థల నటులకు తెలుగు ఛందస్సు ఎంత రుణపడి ఉందో సాహిత్య చరిత్రలు చాలినంతగా చెప్పలేదని నా అభిప్రాయం.

సంధులూ సమాసాలూ ఒక ఏడాది అంతా నడిచాయి. వాటి గురించి చెప్పుకోవడానికి పెద్దగా లేదు. విగ్రహవాక్యం రాయడం వచ్చింది, పరీక్షకు పనికొచ్చింది. అలంకారాల దగ్గరికి వచ్చాకే మళ్లీ బడి మా ఇళ్లలోకి నడిచొచ్చింది.

ఉపమాలంకారానికి పాఠ్యపుస్తకంలో ఉన్న ఉదాహరణ కీర్తిని హంసతో పోల్చేది. తెలుగునాట తరతరాల పిల్లలకు ఆ హంస తెలుసు. కానీ మాలో ఎవరమూ హంసను చూడలేదు, కీర్తి అంటే ఏమిటో అంతకన్నా తెలియదు. మేష్టారు ఆ ఉదాహరణను పక్కన పెట్టి, “ఇంటికెళ్లి మీ నాయనమ్మలూ అమ్మమ్మలూ మాట్లాడే సామెతలు రాసుకు రండి” అన్నారు. మర్నాడు నోటుపుస్తకాల్లో వచ్చిన వాటిని చూస్తే సగానికి సగం “అట్టు”తో ముగిశాయి. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు. కుక్క తోక పట్టుకుని గోదారి ఈదినట్టు. ఆ “అట్టు” ఉంది చూశారూ, దాని పేరే ఉపమావాచకం అన్నారాయన. ఎవరిని గురించి నాయనమ్మ అంటోందో ఆ సంగతి ఉపమేయం. శంఖం ఊదడం ఉపమానం. రెంటిలోనూ కనపడే వ్యర్థశ్రమ సమానధర్మం. నాలుగూ ఉంటే పూర్ణోపమ, ఒకటో రెండో లోపిస్తే లుప్తోపమ.

“మరి అడవిగాచిన వెన్నెల అని రాశాను, ఇందులో అట్టు లేదుగా?” అని వెనక బల్ల మీద ఒకమ్మాయి లేచి అడిగింది. ఆయన ఎంత సంతోషించారో చెప్పలేను. ఆ గంటంతా ఆ ఒక్క ప్రశ్న మీదే నడిచింది. వాచకం లోపించింది, ఉపమేయం కూడా నోటితో చెప్పలేదు, అయినా ఎవరి బతుకు గురించి అంటున్నారో విన్నవాళ్లకి తెలుస్తూనే ఉంది. పోలిక ఎంత దగ్గరైతే వాచకం అంత అక్కర్లేకుండా పోతుంది, ఇంకా దగ్గరైతే రెండూ ఒకటే అనేస్తాం, దాన్ని రూపకం అంటారు అని మమ్మల్ని మెట్టుమెట్టుగా దించారు. ఉపమ నుంచి రూపకానికి నడిచే దారి ఒకటుందని, అవి పక్కపక్కనే ఉన్న రెండు గళ్లు కావని నేను అప్పుడు గ్రహించాను. ఇప్పటికీ చాలామంది విద్యార్థులకు తెలియనిది ఆ నడకే.

అర్థాంతరన్యాసం గురించి చెప్పకుండా ముందుకు పోలేను. పేరు వింటే భయం వేస్తుంది. ఒక విశేష విషయాన్ని సామాన్య విషయంతో సమర్థించడం, లేదా సామాన్యాన్ని విశేషంతో సమర్థించడం. మా నాయనమ్మ అరుగు మీద కూర్చుని పక్కింటివాళ్ల కోడలి కథంతా చెప్పి, చివర్లో ఒక సామెత పడేసి, చెంగు దులుపుకుని లేచిపోయేది. కథ విశేషం, సామెత సామాన్యం. ఆవిడ రోజుకి ఎన్ని అర్థాంతరన్యాసాలు చెప్పేదో! పాఠం విన్న సాయంత్రం నేను అరుగు పక్కన చేరి, సామెత ఎప్పుడు పడుతుందా అని కాచుకుని కూర్చున్నాను. పడగానే నవ్వాను. “ఏంట్రా నవ్వుతావు?” అంది. “నువ్వు చెప్పింది అర్థాంతరన్యాసమే నాయనమ్మా” అన్నాను. “అదేం రోగంరా?” అని కంగారుగా నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

శ్లేష కూడా ఊళ్లోనే దొరికింది. ఒకరింట్లో ఆస్తి పంపకాలు జరిగి, పాడిగేదె పెద్దవాడి వంతుకు వెళ్లింది. టీకొట్టు ఆయన ఎప్పటిలాగే చిన్నవాణ్ణి పాలు పొయ్యమని అడిగితే, “నాకు పాలు లేకుండా చేశారుగా” అన్నాడట. తెలుగులో పాలు అంటే తాగేవీ, వాటా కూడా. ఒక్క మాటతో తన రెండు కష్టాలూ చెప్పుకున్నాడు. మేష్టారు ఈ మాట చెప్పి, ఇలా ఒక్కో పదమూ కాదు, కావ్యం మొత్తం రెండర్థాలతో నడిపినవాడున్నాడు అంటూ పింగళి సూరన దగ్గరికి తీసుకెళ్లారు. రాఘవపాండవీయం పదహారో శతాబ్దపు కావ్యం. ఒక విధంగా చదివితే రామకథ, ఇంకో విధంగా విరిచి చదివితే పాండవుల కథ. టీకొట్టు దగ్గర అన్న మాటకీ ఆ మహాకావ్యానికీ మధ్య ఒకే శక్తి పనిచేస్తోందని వింటుంటే ఒళ్లు గగుర్పొడిచింది.

అన్నిటికన్నా నా మనసులో గట్టిగా నాటుకున్నది స్వభావోక్తి. పాఠ్యపుస్తకాల్లో చివర ఎక్కడో ఉంటుంది, ఉన్నది ఉన్నట్టు మనోహరంగా చెప్పడం అని ఒక్క వాక్యంతో పోతుంది. మేష్టారు దాన్ని అలా పోనివ్వలేదు. ఆఖరి గంటలో తరగతి మొత్తాన్ని కాలవ రేవుకి తీసుకెళ్లి, నీళ్లలోకి దిగుతున్న గేదెల్ని చూసి రాయమన్నారు. షరతు ఒకటే: పోలిక ఉండకూడదు. లాగా, వలె, అట్టు ఏదీ రాకూడదు. అందమైనది, గొప్పది వంటి మాటలు కూడా కొట్టేస్తానన్నారు. పది నిమిషాల్లో రాసేద్దామనుకున్న మేము గంటసేపు పెన్నులు నమిలాం. అడవిగాచిన వెన్నెల గురించి అడిగిన అమ్మాయే రాసింది చివరికి. గేదె మూతిని నీటికి ఆనించి ఊదింది. ముందుకాలు పెట్టి తీసింది. మళ్లీ పెట్టింది. వీపు మునిగేదాకా దిగి, చెవులు రెండూ ఆడించి, కళ్లు సగం మూసింది. అంతే రాసింది. మేష్టారు ఆ కాగితాన్ని గట్టిగా చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నారు. “ఇది రాయడం ఉత్ప్రేక్ష రాయడం కన్నా కష్టం” అన్నారు.

పెద్దయ్యాక అలంకారశాస్త్రం చదువుతున్నప్పుడు, దండి తన కావ్యాదర్శంలో అలంకారాలు వివరిస్తూ స్వభావోక్తినే మొట్టమొదట పెట్టాడని చూసి పొంగిపోయాను. కుంతకుడు మాత్రం అది అలంకారమే కాదన్నాడు. వస్తువు స్వభావమే శరీరం కదా, దానికి అదే నగ ఎలా అవుతుందని ఆయన వాదం. వాదం బలమైనదే. అయినా ఆ రేవు దగ్గర ఆ కాగితం విన్నవాణ్ణి కాబట్టి నేను దండి పక్షమే. భరతుడు నాట్యశాస్త్రంలో చెప్పిన అలంకారాలు నాలుగే: ఉపమ, రూపకం, దీపకం, యమకం. అప్పయ్య దీక్షితులు కువలయానందం రాసేనాటికి అవి నూరు దాటిపోయాయి. ఇన్ని వందల ఏళ్లపాటు ఇంతమంది పండితులు చేసిన పని ఒకటే, మనుషులు మాట్లాడుతున్నప్పుడు మాటకి ఎక్కడ మెరుపు వస్తోందో కనిపెట్టి, దానికి ఒక పేరు పెట్టడం. ఆ మెరుపు ముందు చూసినవాడికే ఆ పేరు అక్కరకొస్తుంది.

పదో తరగతి చివర్లో పరీక్షల వేడి మొదలైంది. సాయంత్రాలు ఒక ట్యూషన్‌కి పంపారు. అక్కడ అలంకారాలన్నీ ఒకే కాగితం మీద, లక్షణం, ఉదాహరణ, సమన్వయం అని మూడు గళ్లలో అచ్చువేసి ఇచ్చారు. చూడకుండా అప్పజెప్పాలి. నాతోపాటు పక్క ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు ఉపమ సమన్వయాన్ని గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేవారు. పద్యపాఠంలో కళ్లెదుట ఉపమ ఉంటే మాత్రం గుర్తుపట్టేవారు కాదు. మార్కులు వాళ్లకీ వచ్చాయి. పదేళ్ల చదువు ఆ పిల్లల చేతికి ఇచ్చింది గళ్ల కాగితమే అన్న బాధ నాకు ఇప్పటికీ తీరలేదు. లక్షణం గ్రంథంలో ఉంటుంది, ఉదాహరణ కవి ఇస్తాడు. చదువరి సొంతంగా చెయ్యగలిగింది సమన్వయం ఒక్కటే. దాన్ని కూడా బట్టీ పట్టించేస్తే ఇక చదువరికి మిగిలిందేమిటి?

ధ్వని అనే మాట వినడానికి నేను గుంటూరు కాలేజీ దాకా వెళ్లాల్సి వచ్చింది. తొమ్మిదో శతాబ్దంలో కాశ్మీరంలో ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం రాసి, కావ్యానికి ఆత్మ ధ్వని అన్నాడని మా లెక్చరర్ చెప్పారు. ఆ తర్వాతివాడైన మమ్మటుడు కావ్యప్రకాశంలో ఒక చిన్న మాటని చర్చకు తీసుకుంటాడు, సూర్యుడు అస్తమించాడు అని. అనేవాణ్ణిబట్టి, వినేవాణ్ణిబట్టి ఆ ఒక్క మాటకే ఎన్ని అర్థాలు స్ఫురిస్తాయో చూపిస్తాడు. ఆ పాఠం వింటుంటే మా ఊరే గుర్తొచ్చింది. మా అమ్మ గుమ్మంలోంచి “పొద్దుగూకింది” అనేది. ఆ మాట వినగానే అక్క లేచి దీపం వెలిగించేది, పాలేరు గేదెల్ని కట్టెయ్యడానికి దొడ్లోకి వెళ్లేవాడు, గోళీలాడుతున్న నేను జేబు సర్దుకుని కాళ్లు కడుక్కోవడానికి పరుగెత్తేవాణ్ణి. మేం ముగ్గురం ఎవరి ధ్వని వాళ్లం అందుకున్నాం. అమ్మ మాత్రం ఒక్క మాటే అంది.

ఇప్పటి బళ్లలోనూ ఛందస్సు, అలంకారాలు పాఠ్యప్రణాళికలో ఉన్నాయి. తెలుగు చెప్పే ఉపాధ్యాయులకు నాదొక మనవి. ఛందస్సు మొదలుపెట్టే రోజున దయచేసి నల్లబల్ల మీద ముందుగా గణాల పట్టిక వెయ్యకండి. మీ హాజరు పట్టీలో ఉన్న పేర్లలోనే ఎనిమిది గణాలూ ఉంటాయి, ఒకసారి పిలిచి చూడండి. తల్లిదండ్రులారా, మీ పిల్లలు అలంకారాలు చదువుకుంటున్న ఏడాది వాళ్లని పదిరోజులు అమ్మమ్మ దగ్గర వదిలిపెట్టండి. వెంట ఒక ఖాళీ నోటుపుస్తకం కూడా ఇచ్చి పంపండి.